తాళం నీది

నువ్వు కీబోర్డు లోపలి చిన్న చిప్‌వి. నీ కేబుల్ చివర గుండ్రటి పీఎస్/2 ప్లగ్గు, దాని అవతల కంప్యూటరు. మాట్లాడుకోవడానికి మీ ఇద్దరికీ రెండే తీగలు: క్లాక్, డేటా. ఎవరూ లాగకపోతే రెండూ ఐదు వోల్టుల దగ్గర పైనే ఉంటాయి. ఎవరు లాగినా దిగుతాయి.

మీటల కింద అడ్డం, నిలువు గీతల వల. ఒక్కో వరుసా తడుముతున్నావు. క్యాప్స్ లాక్ నొక్కి వదిలారు. ఆ కబురు పంపేశావు. అంతలో ఇంకోచోట తగిలింది. 'ఏ' మీట. అదురుతోంది. ఒక్క నొక్కు పది నొక్కుల్లా కనిపిస్తోంది. కొన్ని మిల్లీసెకన్లు ఓపిక పట్టు. ఆగింది. నిజం నొక్కే.

దాని సంఖ్య హెక్సాడెసిమల్‌లో 1సి. అది అక్షరం కాదు, మీట నంబరు. అక్షరమేదో కంప్యూటరే తేల్చుకుంటుంది.

క్లాక్ పైనుందా? ఉంది. డేటాను కిందికి లాగు. 'వస్తున్నా' అనడమది. ఇక క్లాక్‌ను దించు, వదులు, దించు, వదులు. సెకనుకు పదివేలకు పైగా దెబ్బలు. తాళం వేసేది నువ్వే. క్లాక్ దిగినప్పుడల్లా అవతల కంప్యూటరులోని కంట్రోలర్ డేటాను చదువుకుంటోంది. సున్నా. సున్నా. ఒకటి. ఒకటి. ఒకటి.

క్లాక్‌ను వదిలావు.

లేవలేదు.

కంట్రోలర్ పట్టుకుంది. సాగిస్తావా, ఆపుతావా? ఆపు. సగం మాట చెల్లదు. 1సిని దాచుకో. నీ దగ్గర 16 బైట్ల చోటుంది. 100 మైక్రోసెకన్లు. ఇంకా కిందే. పైన వేళ్లు ఆగవు. చోటు నిండితే నొక్కులు పోతాయి.

లేచింది!

తొందరపడకు. డేటా చూడు. పైనుంటే నీ వంతు. కిందే ఉంది. అంటే చెప్పాల్సింది కంట్రోలర్‌కే. అయినా తాళం నీదే. వెయ్యి. ఎనిమిది బిట్లు. సరిచూసే పారిటీ బిట్. ముగింపు బిట్. డేటాను ఒక్క దెబ్బసేపు లాగు: అందింది. వచ్చింది 'ఈడీ'. దీపాలు మార్చాలి. 'ఎఫ్ఏ' అను, సరేనని. తర్వాతి బైటు 04. మళ్లీ ఎఫ్ఏ. క్యాప్స్ లాక్ దీపం వెలిగింది.

ఇప్పుడు 1సి, మొదటి నుంచి. ఆరంభానికి సున్నా. సున్నా, సున్నా, ఒకటి, ఒకటి, ఒకటి, సున్నా, సున్నా, సున్నా. ఒకట్లు మూడు, కావాల్సినట్టే బేసి సంఖ్య. కాబట్టి పారిటీ సున్నా. చివర ఒకటి. పదకొండు దెబ్బలు, దాదాపు ఒక మిల్లీసెకను.

వేలు లేచింది. అదీ చెప్పాలి. చెప్పకపోతే అవతల ఆ వేలు ఇంకా మీట మీదే ఉన్నట్టు. ఎఫ్0. 1సి.

తెరమీద పెద్దబడి 'ఏ', ఒక్కటే. రెండు తీగలూ మళ్లీ పైన. నువ్వు మొదటి వరుస తడుముతున్నావు.