బుక్‌వార్మ్ దిగుతున్న రాత్రి

2023 జూన్ 10, శనివారం రాత్రి. హైదరాబాద్‌లో ఒక హాస్టల్ గది. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12 విడుదలైంది, పేరు బుక్‌వార్మ్. మీరు దాన్ని ఇన్‌స్టాల్ చేసే నెట్‌ఇన్‌స్ట్ ఐఎస్ఓ మీద నొక్కారు. ఏడు వందల మెగాబైట్ల పైచిలుకు ఫైలు.

డౌన్‌లోడ్ అడ్రసు ఒకసారి చూడండి. మీరు అడిగింది డెబియన్ సర్వర్‌ని, ఫైలు వస్తున్నది లావోట్జు అనే యంత్రం నుంచి. ఉత్తర స్వీడన్‌లో ఉమెయో విశ్వవిద్యాలయం, అక్కడి విద్యార్థుల కంప్యూటర్ క్లబ్‌ది అది. జూన్ నెలలో ఆ ఊళ్లో సరిగ్గా చీకటైనా పడదు. క్లబ్‌లో ముందు వరుసలో ఉన్న సర్వర్ చిన్నాచితకా పనులు తానే చూసుకుని, పెద్ద ఫైళ్లు అడిగినవాళ్లను పక్కనున్న యంత్రాలకు మళ్లిస్తుంది. ఈ రాత్రి అందరూ అడిగేది అవే నాలుగైదు ఫైళ్లు కాబట్టి అవి మెమరీలోనే ఉంటాయి, డిస్కు తిరగాల్సిన పని తక్కువ.

ఇదంతా బిల్లు కట్టి పంపాలంటే? లక్ష మంది దించుకుంటే 70 టెరాబైట్లు. పెద్ద క్లౌడ్ కంపెనీల మామూలు రేటు, గిగాబైటుకు 9 సెంట్లు, వేసి చూడండి. ఆరువేల డాలర్ల పైమాటే, మన డబ్బుల్లో ఐదు లక్షలు. ఒక్క ఫైలుకు! జీతం లేకుండా డెబియన్ కోసం పనిచేసేవాళ్లు అంత ఎక్కడ తెస్తారు? అందుకే ఆ బరువును ప్రపంచమంతా పంచారు. ఐఐటీ కాన్పూర్ లాంటి చోట్ల మిర్రర్లు, అంటే ఫైళ్ల నకళ్లు ఉంచే సర్వర్లు, ఉన్నాయి, ఫాస్ట్‌లీ తన సీడీఎన్‌ను ఉచితంగా ఇస్తోంది. మధ్యలో క్యాష్ చెయ్యడానికి వీల్లేని ఎఫ్‌టీపీని 2017 నవంబర్‌లోనే ఆపేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది మిర్రర్ల కాపీ పద్ధతి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ రెండు దఫాలుగా నడుస్తుంది. ముందు ప్యాకేజీలన్నీ చేరాలి, ఆ తర్వాతే సూచీలు మారాలి. వరుస తప్పిందా, సూచీలో పేరుంటుంది, ఫైలుండదు. అప్‌డేట్ కొట్టినవాడు మళ్లీ మళ్లీ కొడతాడు. ఆ భారం కూడా మిర్రర్లు నడిపే దాతల లైను మీదే.

"ఒరేయ్, నేను టారెంట్ పెట్టా. నాదే ముందు దిగుతోంది," అంటాడు మీ రూమ్మేట్.

"దిగాక మూసేయకు. పొద్దున్నదాకా ఉండనీ, మిగతావాళ్లకు నీ దగ్గర్నుంచీ వెళ్తుంది."

మీది నూరు శాతమైంది. పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే ముందు ఎస్‌హెచ్ఏ512 లెక్క చూడండి. ఎవరెవరి యంత్రాల మీదుగానో వచ్చిన ఫైలు కదా, డెబియన్ సంతకం ఉన్న జాబితాతో సరిపోవాలి. సరిపోయింది.

పక్క గదిలో ఇంకో మూడు ల్యాప్‌టాప్‌లున్నాయి. అవే ప్యాకేజీలు నాలుగుసార్లు బయటి నుంచి రావడమెందుకని మీ యంత్రంలో ఒకసారి వచ్చినవాటిని దాచి పంచే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టారు. మొదటి ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ ప్రాక్సీ అడుగుతోంది. చాలామంది అక్కడ ఖాళీగా వదిలేసి ముందుకెళ్తారు. మీరు మీ ఐపీ కొట్టండి, పోర్టు 3142.