పాత చీర ఎవరిది? (మా ఇంటి వస్తువుల చరిత్ర – 9)



పోయిన వారం రోలు గురించి రాశాను. ఈ వారం దిండు. అదీ పసిపిల్ల దిండు. ఇదీ చరిత్రేనా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. రాజులు పడుకున్న పట్టెమంచాలకి చరిత్ర ఉన్నప్పుడు, మన పిల్లల తలకిందకి ఏం వచ్చింది, ఏం రాలేదు అన్నదానికీ చరిత్ర ఉంటుంది. రాయలేదు కాబట్టి లేదనుకున్నాం, అంతే.

మా పాపకి ఈమధ్యే రెండేళ్లు నిండాయి. ఏడాదిలోపు పిల్లలకి దిండు వద్దని, ఊపిరాడని ప్రమాదం ఉంటుందని డాక్టర్లు చెబుతారు. అందుకే ఇన్నాళ్లూ పెట్టలేదు. ఇప్పుడు దానికి విడిగా చిన్న మంచం వేశాం. దిండు కొందామని ఫోన్లో వెతుకుతుంటే గుంటూరు జిల్లా నుంచి మా అమ్మ సంచీతో దిగింది. సంచీలో బూరుగు దూది, సూదీదారం, తను కట్టి విడిచిన నేత చీర.

"మూరెడు దిండుకి కొనడమెందుకే? పొద్దుగూకేలోపల కుట్టేస్తా" అంది.

నాకు మనసొప్పలేదు. నేను పుట్టింది పాత గుడ్డల్లో, పెరిగింది పాత గుడ్డల్లో. బడికి తొడుక్కెళ్లిన గౌను కూడా ఇంకెవరో విడిచిందే. నా బిడ్డకి అన్నీ కొత్తవే ఉండాలన్నది నా పంతం. "పాత గుడ్డల బతుకు నాతోనే ఆగిపోవాలమ్మా" అనేశాను.

అమ్మ తలెత్తకుండా సూదిలో దారం ఎక్కిస్తూ, "పాత గుడ్డలన్నీ ఒకటి కాదే" అంది.

ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందు పాత గుడ్డ మనకి ఎలా వచ్చిందో చూద్దాం. పేదరికం వల్ల వచ్చిందనుకుంటాం. అంతకంటే ముందు అది శాసనంగా వచ్చింది. మనుస్మృతి పదో అధ్యాయం 52వ శ్లోకం తీసి చూడండి. చండాలులు శవాల మీది బట్టలే కట్టుకోవాలి, పగిలిన కుండల్లోనే తినాలి, ఇనుప నగలే పెట్టుకోవాలి. అంటే మనిషికి గుడ్డ దొరక్కపోవడం కాదు, దొరికినా కొత్తది కట్టకూడదని రాసిపెట్టారు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఈ పుస్తకాన్నే. ఆ సభల రోజుల్లోనే ఆయన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడారు. చీర కట్టు మార్చండి, అంటరానితనానికి గుర్తులుగా ఉన్న బరువు నగలు వదిలేయండి అన్నారు. అంతకుముందు మార్చిలో అక్కడే జరిగిన సభలో చచ్చిన గొడ్డు మాంసమూ, ఎంగిలి మెతుకులూ మానేయమన్నారు. ఒంటి మీది గుడ్డ, నోట్లోకి వెళ్లే ముద్ద చిన్న విషయాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకో సంగతి. గుడ్డ నెయ్యడం మనకి చేతకాక కాదు ఈ గతి. మాలపల్లెల్లో ముతక నేత నేసేవాళ్లని బ్రిటిష్ కాలపు రాతలే చెబుతున్నాయి. మిల్లు గుడ్డ వచ్చి మగ్గాలను మూలపడేసింది. నేసిన చేతులు కూలికి వెళ్లాయి. ఎక్కడికి? చాలా చోట్ల పత్తి చేలకే.

మా అమ్మా పత్తి ఏరింది. పత్తికాయ ఎండిన మొనలు గుచ్చుకుని వేళ్ల చివర్లు చీరుకుపోయేవి. పొద్దుగూకాక గట్టు మీద నిలబడి, ఒడి విప్పి దులిపి చూపించి ఇంటికి రావాలి. గుప్పెడు పత్తి కూడా ఒడిలో మిగలకూడదు. రోజంతా దూదిలో చేతులు పెట్టిన మనిషి ఇంట్లో పిల్లలకి దూది దిండు లేదు. మా తలకింద ఉన్నది చింకి గుడ్డల మూట.

ఇది మన ఒక్కళ్ల కథే కాదు. 1860లో అమెరికాలో దాదాపు 40 లక్షల మంది నల్లవాళ్లు బానిసలు. ఇంగ్లండ్ మిల్లులు నడిచింది ఎక్కువగా వాళ్లు ఏరిన పత్తి మీదే. మరి వాళ్ల పిల్లలు దేనిమీద పడుకున్నారు? మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, తప్పించుకుని, గొప్ప వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన జీవితకథ అచ్చువేశాడు. ఆయన పెరిగిన తోటలో పిల్లలకి పక్క అనేదే ఇవ్వరు. ఏడాదికి రెండు ముతక చొక్కాలు, అవి చిరిగితే మళ్లీ ఇచ్చేదాకా దిసమొలే. చలి ఎక్కువైన రాత్రి ఆ పిల్లవాడు మరకి మొక్కజొన్నలు మోసే సంచీని దొంగతనంగా తెచ్చుకుని, తల లోపల పెట్టి, కాళ్లు బయటే ఉంచి, తడి మట్టినేల మీద పడుకునేవాడు. పాదాలు ఎంతగా పగిలాయంటే, ఈ కథ రాస్తున్న కలాన్ని ఆ పగుళ్లలో పెట్టొచ్చని రాశాడు. అది చదివినప్పుడు మా నాన్న పాదాలు గుర్తొచ్చాయి నాకు.

అదే అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని నది మలుపులో ఒక ఊరుంది. బానిసత్వం పోయాక కూడా అక్కడి నల్లవాళ్లు కౌలు పత్తి చేలల్లోనే బతికారు. అక్కడి ఆడవాళ్లు చినిగిన పని బట్టల్ని ముక్కలు చేసి బొంతలు కుట్టారు. 1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆమె, చనిపోయిన భర్త పని బట్టలతో బొంత కుట్టుకుంది, ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి. 1966లో అక్కడి ఆడవాళ్లు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో ఆ ఊరి బొంతలు న్యూయార్క్ మ్యూజియం గోడకెక్కాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మనువు చెప్పిందీ చనిపోయినవాళ్ల గుడ్డే. మిస్సోరి పెట్‌వే కుట్టిందీ చనిపోయినవాళ్ల గుడ్డే. ఒకటి మనిషిని కిందకి తొయ్యడానికి పైవాడు కట్టబెట్టింది. ఇంకోటి తన మనిషిని దగ్గరగా ఉంచుకోవడానికి తను ఎంచుకుంది. గుడ్డ పాతదా కొత్తదా అన్నది కాదు, ఎవరు నిర్ణయించారన్నది అసలు ప్రశ్న.

చదువు లేని మా అమ్మకి ఈ తేడా నాకంటే ముందే తెలుసు. దిండు కుడుతూ ఆరోజు చెప్పింది.

మా అన్న నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు సంక్రాంతికి ఆసామి ఇంటినుంచి ఒక పాత చీర ఇచ్చారట. మెత్తగా ఉందని చేను పక్క వేపచెట్టుకి ఉయ్యాల కట్టింది. ఆసామి భార్య అటుగా వచ్చి చూసి, "నా చీరలో ఊగుతున్నాడే నీ కొడుకు! పెద్దయ్యాక మా గొడ్ల దగ్గరికే రావాలి మరి" అంది. నవ్వుతూనే అంది. మా అమ్మ ఆ సాయంత్రమే ఉయ్యాల విప్పేసింది. ఆ చీర నేల తుడవడానికి పోయింది. ఆ రాత్రంతా అన్నని చేతుల మీదే పడుకోబెట్టుకుంది.

"అప్పట్నుంచి ఇచ్చిన చీర నేను కట్టాను. బిడ్డల కింద మాత్రం వెయ్యలా" అంది.

మా అన్న గొడ్ల దగ్గరికి పోలేదు. బడికి పోయాడు.

మరి ఈ నేత చీర? ఊళ్లోకి ఉపాధి హామీ పని వచ్చాక, తన పేరున పడిన కూలితో, తనే మంగళగిరి వెళ్లి కొనుక్కున్న మొదటి చీర. ఏళ్లతరబడి కట్టి, ఉతికి, మెత్తబడ్డ చీర.

నేనింక ఏం మాట్లాడను? నేను కొనబోయిన దిండు కొత్తదే. కానీ దాంట్లో దూది ఎవరు ఏరారో నాకు తెలుసా? కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో పూలు క్రాసింగ్ చేయడానికి బడి మానిపించి పెట్టింది ఎక్కువగా మన ఆడపిల్లలనే. ఆ చేతులు చిన్నవి, కూలి తక్కువ, ఎదురు మాట్లాడవు. అదీ కారణం.

దిండు ఎలా కుట్టిందో కూడా రాస్తాను, రేపు మీ ఇంట్లో పనికొస్తుంది. చీరని రెండు మడతలు వేసి కత్తిరించింది, ఒక్క మడతైతే బూరుగు దూది నూగు బయటికొస్తుందని. మూడు పక్కలా దగ్గర దగ్గరగా కుట్టి, నాలుగో పక్క నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలి తిరగేసింది. గింజలు తీసి ఎండబెట్టిన దూదిని మూలల నుంచి నింపుకుంటూ వచ్చింది. ఎక్కువ కూరలేదు, పసిదాని మెడకి ఎత్తు పనికిరాదని. చివరికి సందు కుట్టేసింది. గలేబు ఒక్కటి నేను కుట్టాను, వంకరగానే.

పాప దాని మీద చెంప ఆనించి, "అమ్మమ్మ వాసన" అంది.

మిత్రులారా, ఈ వారం ఒక పని చేయండి. మీ అమ్మని అడగండి, మీ కింద పరిచిన బొంత ఎవరి చీరలతో కుట్టిందో. ఏ చీర వెయ్యనందో కూడా అడగండి. చెప్పింది తన మాటల్లోనే రాసిపెట్టుకోండి. మన చరిత్ర ఏ గ్రంథాలయంలోనూ దొరకదు, అటక మీద మూటలో ఉంటుంది.

వచ్చే ఆదివారం: నీళ్ల బిందె.

జై భీమ్.