చెన్నపట్టణపు మహజరు

వోటు హక్కు అను మాటయే సామాన్యుల చెవిని పడని కాలమున, చెన్నపట్టణమునందు ఒక తెలుగు వర్తకుడు పత్రికను నెలకొల్పి, సంఘమును కూర్చి, రైతుల గోడును సముద్రముల కావలనున్న పార్లమెంటునకు వినిపించి, ఈస్టిండియా కుంఫిణీ దొరతనము తన కొలువుకాండ్ర ఆగడములపై తానే విచారణ జరిపించుకొనవలసిన స్థితికి తెచ్చెను. ఆయన గాజుల లక్ష్మీనర్సు శెట్టిగారు. చరిత్ర గ్రంథములలో ఆయనకు దక్కిన చోటు ఆయన చేసిన పనికి ఏమాత్రమును చాలదని నా నిశ్చితాభిప్రాయము.

1806లో జన్మించిన శెట్టిగారు నీలిమందు, రుమాళ్ళ వర్తకమున పేరుగాంచిన యింటివారు. పట్టణపు పెద్దలకు మహజరులు వ్రాసికొను అలవాటు అప్పటికే కలదు. 1839లో ఉన్నత విద్యాలయము కావలెనని డెబ్బదివేల సంతకములతో గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువునకు మహజరు సమర్పింపగా, 1841లో పాఠశాల తెఱవబడెను. అయినను మహజరు ఒకనాడు చదివి కట్టలో కట్టివేయదగినది. నిత్యమును మాటాడునది పత్రిక. ఈ సత్యమును గ్రహించియే శెట్టిగారు 1844 అక్టోబరు 2వ తేదీన 'క్రెసెంటు' అను ఇంగ్లీషు పత్రికను ప్రారంభించి, ఎడ్వర్డు హార్లీ అను ఆంగ్లేయుని దానికి సంపాదకునిగా నియమించిరి. దొరలు చదువు భాషలో దొరలకే ప్రజల కష్టములు చెప్పవలెనన్నది ఆయన ఆలోచన. ఆ పత్రికను గూర్చిన ప్రకటనను ప్రచురించుటకు సర్కారు గెజెటు నిరాకరించెననినచో, దొరతనమువారికి అది తొలినాడే ఎంత కంటగింపైనదో ఊహింపవచ్చును. ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథము చేయవలెనన్న యత్నమును ఎదిరించుటలో శెట్టిగారి కంఠమే ముందు వినిపించెను.

కుంఫిణీ పట్టా ఇరువదేండ్ల గడువు 1853లో ముగియనుండెను. దానిని మరల నిచ్చునది పార్లమెంటు. ఈ సమయము దాటినచో మఱియొకటి దొఱకదని యెఱిగి శెట్టిగారు 1852లో చెన్నపట్టణ స్వదేశీయ సంఘమును స్థాపించి, ఆ సంవత్సరాంతముననే పార్లమెంటునకు దీర్ఘమైన మహజరు పంపించిరి. శిస్తుల భారము, న్యాయస్థానముల జాగు, బాటలు వంతెనల లేమి, విద్యకు ధనము చాలకుండుట మొదలగునవన్నియు అందు విన్నవింపబడినవి. సాలెవాని మగ్గము మొదలు చిల్లర వర్తకుని అంగడి వఱకు దేనిని విడువని మొతర్ఫా పన్నును గూర్చి అందు వ్రాసినది వర్తకుల స్వప్రయోజనమే యనువారుండవచ్చును. కాని ఆ స్వప్రయోజనము కాసులు సమకూర్చినందుననే, సంఘమున కాలు మోపజాలని రైతు మాటకూడ ఓడ యెక్కినది.

రైతు బాధకు మూలము పరిపాలనా విధానముననే యుండెను. మన్రో నెలకొల్పిన రైతువారీ పద్ధతిలో శిస్తు వసూలు చేయువాడు తహశీలుదారు. 1816 నాటి రెగ్యులేషనుల వలన పోలీసు అధికారమును అతని చేతిలోనే యుండెను. బాకీ అడుగువాడును, బంధించువాడును ఒక్కడే. శిస్తు చెల్లింపజాలని వానిని వంచి, మెడను కాలి వేళ్ళకు త్రాటితో బిగగట్టి, మండుటెండలో నిలిపి, వీపుపై బండరాయి పెట్టుట యొక పద్ధతి. కిట్టి మఱియొకటి: ఒక కొనను కలిపికట్టిన రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్ళుంచి, బాధ కోర్వలేక అప్పో సొప్పో చేసి తెత్తునని మ్రొక్కువఱకు నొక్కుదురు. అన్నము పెట్టకుండుట, నిదుర పోనీయకుండుట, కండ్లలో కారము చల్లుట వేఱుగా నుండెను. దీనిపై ఫిర్యాదు చేయదలచిన రైతు దినములకొలది నడిచి చేరవలసినది ఆ తహశీలుదారునకు పై అధికారియైన కలెక్టరు కచేరికే గదా!

ఇంగ్లండులో ఈ మొఱ వినబడుటకు కేవలము దయయే కారణము కాదు. మాంచెస్టరు మిల్లుల యజమానులకు హిందూదేశపు ప్రత్తి కావలసియుండెను. పండించు రైతు చితికినచో ప్రత్తి రాదు. జాన్ బ్రైటు మొదలగువారు చేరిన ఇండియా సంస్కరణ సంఘము 1853లో ఏర్పడినది. ఆ సంఘాధ్యక్షుడు, పార్లమెంటు సభ్యుడు నగు డాన్బీ సీమోరు ఆ యేటనే చెన్నపట్టణమునకు వచ్చి, శెట్టిగారి తోడ్పాటుతో జిల్లాలు తిరిగి, రైతుల బాధలను స్వయముగా తెలిసికొనెను. 1854 జూలైలో బ్లాకెట్ అను సభ్యుడు కామన్సు సభలో ఈ విషయమును లేవదీయగా, శిస్తు కొఱకు హింసయా, అట్టిది లేనేలేదని కుంఫిణీ పక్షమువారు కొందఱు బొంకిరి. ఆ బొంకు నిలువలేదు. సెప్టెంబరులో ఎలియట్, స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టన్ అను మువ్వురతో చెన్నపట్టణముననే విచారణ సంఘము నియమింపబడెను.

అటుపిమ్మట జరిగినదానిని తలంచుకొన్నప్పుడెల్ల నా మనస్సు చలించును. విచారణ జరుగునను వార్త పల్లెలకు ప్రాకగా మూడు నెలలలో 1,959 ఫిర్యాదులు వచ్చినవి. అందు 1,440 జాబుల రూపమున చేరగా, 519 మంది తామే వచ్చి వాఙ్మూలమిచ్చిరి. తిరిగి పోయిన పిదప అదే తహశీలుదారు క్రింద బ్రదుకవలసినవారు, దారిబత్తెమునకే కటకటపడువారు, వందల మైళ్ళ దూరము నుండి వచ్చి దొరల యెదుట నిలిచి తమ దేహములకు జరిగినది చెప్పిరి. పత్రికయు, సంఘమును, పార్లమెంటు సభ్యుల ప్రసంగములును తలుపు తెఱచినవి. లోపలికి అడుగిడిన ధైర్యము మాత్రము ఆ రైతులది.

1855 ఏప్రిలులో వెలువడిన నివేదిక హింస సర్వసామాన్యముగా జరుగుచున్నదని ఒప్పుకొనెను. కాని తప్పునంతయు దేశీయులగు క్రింది యుద్యోగులపై మోపి, తెల్లదొరలను నిర్దోషులని విడిచిపెట్టినది. ఇది అన్యాయము. అంతంత శిస్తు విధించి, ప్రతి యేడును వసూలు పూర్తికావలెనని తఱిమినవారెవరు? అయినను ఆ కాగితములను లోక మెఱిగినది. 1857లో కార్లు మార్క్సు న్యూయార్కు పత్రికలో ఈ నివేదికను ఆధారము చేసికొనియే వ్యాసము వ్రాసెను. 1859 నాటి 24వ చట్టముతో చెన్నపురి రాజధానిలో పోలీసు శాఖ వేఱుపడెను. తహశీలుదారు చేతినుండి లాఠీ జాఱిపోయినది.

శెట్టిగారికి సి.ఎస్.ఐ. బిరుదమును, 1863లో చెన్నపురి శాసన నిర్మాణ సభలో సభ్యత్వమును లభించినవి. అప్పటికే ఆర్జించిన ధనములో అధికభాగము పత్రికకును ప్రజాకార్యములకును కరగిపోయినది. 1868లో ఆయన పేదవాడై మరణించెను. మహజరులో కోరిన శిస్తు తగ్గింపు ఆ తరమువారి కడగండ్లు తీరునంతగా దక్కనే లేదు. 1864లో వచ్చిన రెవెన్యూ రికవరీ చట్టము బాకీదారుని చరాస్తులు, భూమి జప్తుచేసి వేలము వేయు పద్ధతిని అక్షరబద్ధము చేసినది. ఆ చట్టము ఆంధ్రదేశమున నేటికిని అమలునందున్నది.