బార్కస్ వంట: హరీస్ నుంచి మండీ దాకా

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట పక్కనే ఉన్న బార్కస్‌కు ఆ పేరు సైనికుల బ్యారక్స్ వల్ల వచ్చింది. నిజాం కొలువులోని అరబ్ సిపాయిలు అక్కడ ఉండేవాళ్లు. వాళ్లలో చాలామందిది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం. అక్కడ వాన తక్కువ. లోయల్లో తప్ప పంట పండదు. అందుకే తరతరాలుగా ఆ సీమ మగవాళ్లు బతుకుతెరువు కోసం సముద్రం దాటుతూ వచ్చారు. జావాకూ తూర్పు ఆఫ్రికాకూ వర్తకం మీద వెళ్లారు, దక్కన్‌కు మాత్రం ఎక్కువగా సిపాయిలుగా వచ్చారు. 1818లో మరాఠాల అధికారం కూలాక, అక్కడి కొలువులు పోగొట్టుకున్న అరబ్బులు కూడా హైదరాబాద్ దారి పట్టారు. నగరవాసులు వీళ్లను చావుష్‌లని పిలిచారు.

కొద్దికాలానికే వీళ్లు జాగీర్దార్లకు అప్పులిచ్చే స్థాయికి ఎదిగారు. బాకీల వసూళ్లకు సొంత మనుషులనే దింపేవాళ్లు. 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా ఉన్న మొదటి సాలార్ జంగ్ వీళ్లను అదుపులో పెట్టడానికి చాలా ప్రయాస పడాల్సి వచ్చింది. అల్ ఖుఐతీ కుటుంబం నిజాం సైన్యంలో జమాదారీ చేస్తూ, హైదరాబాద్‌లో గడించిన డబ్బుతో స్వదేశంలో ఏకంగా ఒక రాజ్యాన్నే నిలబెట్టింది. 1881లో ముకల్లా రేవు వాళ్ల చేతికి వచ్చింది. ఆ సుల్తానత్ 1967 వరకు సాగింది. వంటల చరిత్రలోనూ ఈ ఇంటివాళ్లకు చోటుంది. ఏడో నిజాం కాలంలో హలీంకు నగర ప్రముఖుల్లో పేరు తెచ్చింది ముకల్లాకు చెందిన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందులేనని చెబుతారు.

హలీంకు మూలం హరీస్. నానబెట్టిన గోధుమలు, మాంసం, ఉప్పు, నీళ్లు కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించి, మాంసమేదో గోధుమేదో తెలియకుండా మెదిపి, పైన నెయ్యి పోస్తే అది హరీస్. మసాలా దాదాపు ఉండదు. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ రాసిన పాకశాస్త్ర గ్రంథంలోనే ఇది ఉంది. బార్కస్‌లో దీన్ని పొద్దుటి ఫలహారంగా తింటారు. ఉప్పుదీ దొరుకుతుంది, చక్కెర వేసిన తీపిదీ దొరుకుతుంది.

అలాగని హలీంను అరబ్బులే తెచ్చిపెట్టారన్న మాట పూర్తిగా నిలవదు. అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో హరీసా, హలీం రెండూ వేర్వేరు వంటకాలుగా కనిపిస్తాయి. అందులో హరీసాకు పది సేర్ల మాంసానికి ఐదు సేర్ల దంచిన గోధుమలు, రెండు సేర్ల నెయ్యి లెక్క. అంటే అక్బరు వంటశాలకు తెలిసిన వంటకమే ఇది. దక్కన్‌లో జరిగింది వేరు. చావుష్‌ల సాదా హరీస్‌కు హైదరాబాద్ వంటవాళ్లు గరం మసాలా, పచ్చిమిర్చి, పుదీనా, వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ చేర్చారు. పప్పులు ఎక్కువగా పడే ఉత్తరాది ఖిచడాకు దూరంగా, మాంసం పాళ్లు బాగా పెంచారు. కారం లేనిదే ముద్ద దిగని ఊరు హరీస్‌ను ఉన్నదున్నట్టు తిని ఉంటే అదే వింత.

1950ల్లో ఇరానీ యాజమాన్యంలోని మదీనా హోటల్ హలీంను అమ్మకానికి పెట్టాక అది విందుల నుంచి బజారుకు వచ్చింది. ఇరానీ చాయ్ అలవాటు చేసిన హోటళ్లే యెమెన్ మూలాలున్న వంటకానికీ గిరాకీ తెచ్చాయి. రంజాన్ నెలలో హోటళ్ల ముందు ఇటుకతో, మట్టితో భట్టీ కడతారు. అందులో డేగిసాను పాతి కింద కట్టెల మంట పెడతారు. ఇద్దరేసి మనుషులు ఘోట్నీలనే కర్ర గుదియలతో మాంసాన్ని గోధుమలో ఏకం చేస్తారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక సూచిక దక్కింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి మాంసాహార వంటకం ఇదే. మేక మాంసం, గోధుమల పాళ్లు 10:4 ఉండాలనీ, రాగి పాత్రలో కట్టెల సెగ మీద 12 గంటలు ఉడకాలనీ అందులో నియమాలు పెట్టారు. బార్కస్ వంటిళ్ల నుంచి వచ్చిన మరో వంటకం మరగ్. ఎముకలతో కాచే ఈ పలుచని మాంసం షోర్వా హైదరాబాదీ ముస్లిం పెళ్లిళ్లలో భోజనానికి ముందు వడ్డించేదిగా స్థిరపడింది.

వంటలు అలా స్థిరపడ్డా, వండినవాళ్ల కొలువు నిలవలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్యతో అరబ్ దళాలు రద్దయ్యాయి. చాలామందిని నిర్బంధించారు, చాలామందిని యెమెన్‌కు పంపేశారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి ఇళ్లలోనే పెళ్లి చేసుకున్నవాళ్లు మిగిలారు. కొలువు పోయాక చిన్న వ్యాపారాలూ జామతోటలూ వాళ్లకు ఆధారమయ్యాయి. బార్కస్ జామకాయకు నగరంలో మంచి పేరుండేది. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు మొదలయ్యేసరికి, అరబ్బీ వచ్చినవాళ్లు, అక్కడ బంధువులున్నవాళ్లు ముందుగా వెళ్లారు.

మండీ ఊరంతా అమ్ముడవడం వెనక ఈ రెండో ప్రయాణం ఉంది. హద్రమౌత్ వంటకమే అయినా, దాన్ని హోటల్ తిండిగా మార్చింది సౌదీ, గల్ఫ్ నగరాలు. తాతలు సిపాయిలుగా వస్తూ తెచ్చిన వంట అని బోర్డుల మీద రాసుకున్నా, వ్యాపారంగా అది మనవలు గల్ఫ్ నుంచి తెచ్చిందే. యెమెన్‌లో గోతిపొయ్యిలో బియ్యం మీద మాంసాన్ని ఉంచి మూసేస్తారు. మాంసం రసం చుక్కలు చుక్కలుగా అన్నంలోకి దిగుతుంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బార్కస్, ఎర్రకుంట, షాహీన్‌నగర్ల మీదుగా వెళ్లే దారిలో మండీ హోటళ్లు వరసకట్టాయి. ఇక్కడి నాలుకకు తగ్గట్టు జ్యూసీ మండీ, ఫ్రై మండీ, ఫిష్ మండీ, పక్కన మయోనైజ్, ఎర్ర చట్నీ వచ్చి చేరాయి.

రుచి కన్నా పెద్ద మార్పు పళ్లెం తెచ్చింది. మండీ తినేవాళ్లు నేల మీద పరుపులపై చుట్టూ కూర్చుని, నలుగురూ ఒకే తాంబాళంలో చేతులు పెడతారు. ఎంగిలి పట్టింపు ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు ఆ పట్టింపును బిర్యానీ దగ్గర వదల్లేదు గానీ మండీ దగ్గర వదిలేశారు. ఇప్పుడు విజయవాడ, విశాఖపట్నాల్లోనూ మండీ హోటళ్లు నడుస్తున్నాయి. జైలు గదుల్లా కట్టి, ఊచల వెనక కూర్చోబెట్టి వడ్డించేవీ వచ్చాయి. హద్రమౌత్‌తో వాటికి సంబంధం లేదు, అక్కర్లేదు కూడా. ఇంత జరిగినా హరీస్‌కు మాత్రం బార్కస్ బయట పెద్దగా గిరాకీ రాలేదు. తినాలనుకునేవాళ్లు పొద్దున్నే అక్కడికి వెళ్లాలి.