ప్రొస్టేట్ క్యాన్సర్: కత్తీ, రేడియేషన్ గింజలూ

తొలిదశలో దొరికిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రెండు పాత వైద్యాలున్నాయి. ఒకటి, గ్రంథిని మొత్తంగా కోసి తీసేయడం. రెండోది బ్రాకీథెరపీ, అంటే గ్రంథిని అలాగే ఉంచి అందులో రేడియోధార్మిక గింజలు నాటడం. రెండింటి వయసూ ఇంచుమించు ఒకటే. 1904లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ క్యాన్సర్ పట్టిన ప్రొస్టేట్‌ను పూర్తిగా తొలగించాడు. కొన్నేళ్లకే పారిస్‌లో పాస్తో మూత్రనాళం గుండా రేడియం పంపాడు. న్యూయార్క్‌లో బారింజర్ ఏకంగా రేడియం సూదులే గుచ్చాడు.

గింజలు మాత్రం ఒకసారి ఓడిపోయి మళ్లీ లేచాయి. 1970లలో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో విల్లెట్ విట్‌మోర్ బృందం పొట్ట కోసి, చేతి అంచనాతో అయోడిన్-125 గింజలు దించేది. అవి ఒకచోట గుత్తులుగా పడేవి, మరోచోట అసలు పడేవే కావు. ఆ ఖాళీల్లో క్యాన్సర్ మళ్లీ తలెత్తేది. 1983లో డెన్మార్క్ వైద్యుడు హోల్మ్ పురీషనాళంలో అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉంచి, తెర మీద చూస్తూ, వృషణాల వెనక చర్మం గుండా సూదులు పంపే పద్ధతిని ప్రకటించాడు. 1985లో సియాటిల్‌లో రాగ్డే, బ్లాస్కో దాన్ని అందుకున్నారు. సన్నబియ్యపు గింజంత ఉండే ఈ అయోడిన్ గింజ శక్తి సుమారు 60 రోజులకు సగమవుతుంది. దాన్ని మళ్లీ బయటికి తీయనక్కర్లేదు.

ఈలోగా శస్త్రచికిత్సా మారింది. అంతకుముందు ఆపరేషన్ అంటే లైంగిక శక్తి మీద దాదాపు ఆశ వదులుకోవడమే. 1981లో ప్యాట్రిక్ వాల్ష్ హాలండ్‌లోని లైడెన్‌లో డోంకర్‌తో కలిసి అంగస్తంభన నరాల దారిని గుర్తించాడు. మరుసటి ఏడాదే వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేశాడు. 2000 తర్వాత రోబో వచ్చింది. డెట్రాయిట్‌లో మణి మీనన్ ఆ విద్యకు పేరు తెచ్చిన వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ రాజ్ వట్టికూటి కుటుంబ విరాళంతో వెలసినదే.

మరి ఏది మేలు? తేల్చడానికి ఉత్తర అమెరికాలో స్పిరిట్ అనే పరీక్ష మొదలుపెట్టారు. ఏ వైద్యమన్నది చీటీ తీసినట్టు నిర్ణయిస్తామంటే రోగులు ఒప్పుకోలేదు. 56 మంది చేరాక అది మూతపడింది. తన ఒంటి విషయంలో చీటీకి తలవంచమంటే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు! ఆ పరీక్షలో భాగంగా కెనడాలో రెండు వైద్యాల గురించీ వివరించాక కూడా చీటీకి ఒప్పుకున్నవారు 34 మందే. 62 మంది కత్తిని, 94 మంది గింజలను సొంతంగా ఎంచుకున్నారు. వారిలో 168 మందిని సుమారు ఐదేళ్ల తర్వాత అడిగితే, మూత్రం, లైంగిక జీవితం, సంతృప్తి విషయాల్లో గింజలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. మలవిసర్జనలో తేడా లేదు. అయితే చాలామంది తమకిష్టమైనదే ఎంచుకున్నారు కాబట్టి ఆ సంతృప్తిలో చికిత్స వాటా ఎంతో చెప్పడం కష్టం. పైగా ఇవి బతుకు సుఖానికి కొలతలే తప్ప ఆయుష్షుకు కావు.

2016లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరీక్ష ప్రొటెక్ట్ 1,643 మందితో పూర్తయింది. అందులో శస్త్రచికిత్సతో పోల్చినవి బయటి నుంచి ఇచ్చే రేడియేషన్, నిఘాలో ఉంచడం మాత్రమే. గింజలకు చోటు దక్కలేదు.