వేతనం, గది, స్వరం: స్వీడిష్ కల్పనా సాహిత్యంలో శ్రామిక స్త్రీ

సంపాదన లభిస్తే స్త్రీకి స్వాతంత్ర్యం దానంతటదే సిద్ధిస్తుందన్న భావనతో స్వీడిష్ కల్పనా సాహిత్యాన్ని చదివితే కొంత సత్యం మాత్రమే గోచరిస్తుంది. నాలుగు రచనలను కాలక్రమంలో పరిశీలించినప్పుడు, వేతనం ఎంత అన్నదానికన్నా ఆ వేతనంపైనా, నివాసంపైనా అధికారం ఎవరిదన్న ప్రశ్నే ప్రధానమని స్పష్టమవుతుంది.

ఆల్మ్‌క్విస్ట్ రచించిన ‘దెత్ గోర్ ఆన్’ (1839) నాయిక సారా విడెబెక్ కిటికీలకు అద్దాలు బిగించే వృత్తికారుని కుమార్తె. తండ్రి మరణానంతరం పని తల్లి పేరిట సాగుతుంది. నాటి వృత్తి సంఘాల నియమాల ప్రకారం తల్లి గతిస్తే అవివాహితయైన కుమార్తెకు ఆ హక్కు సంక్రమించదు. వివాహమాడితే ఆమెపై భర్తకు సంరక్షకాధికారం లభిస్తుంది. అందువల్ల సారా తన ప్రియుడు ఆల్బర్ట్‌తో వివాహరహిత సహజీవనాన్ని, వేర్వేరు గదులను, వేర్వేరు లెక్కలను ప్రతిపాదిస్తుంది. ఈ ప్రతిపాదన తీవ్ర వివాదానికి దారితీసింది. 1864 నాటి వృత్తిస్వేచ్ఛా శాసనం స్త్రీలకూ వర్తించినా, వివాహిత భర్త సంరక్షకత్వం నుండి విముక్తి పొందడానికి 1920 నాటి వివాహ స్మృతి రావలసి వచ్చింది.

ఎలిన్ వేగ్నర్ ‘నోర్టుల్స్‌లీగన్’ (1908)లో స్టాక్‌హోమ్ కార్యాలయాలలో పనిచేసే నలుగురు యువతులు ఒకే నివాసాన్ని పంచుకుంటారు. సారాకు లేని ఉద్యోగం వీరికుంది. ఒంటరిగా గది అద్దె భరించగల జీతం మాత్రం లేదు. వారికి దక్కిన ఆధారం పరస్పర సహకారమే.

మోవా మార్టిన్సన్ ‘మూర్ యిఫ్తర్ సే’ (1936)లో సారా భయం వాస్తవరూపం దాలుస్తుంది. బట్టల మిల్లు కార్మికురాలైన తల్లి వివాహమాడినా ఆమెకు స్థిరమైన ఇల్లు దక్కదు. తాగుబోతు భర్త, వరుస గర్భాలు, ఇల్లు మారడాలే మిగులుతాయి. ఈ జీవితాన్ని చూసి చెప్పేది ఆమె కుమార్తె మియా.

మాయా ఏకెలోఫ్ రచన (1970) శీర్షికకు ‘నేల తుడిచే బకెట్టు నుండి నివేదిక’ అని అర్థం. పారిశుధ్య కార్మికురాలు, ఐదుగురు పిల్లల తల్లి అయిన రచయిత్రి ఇందులో తన దినచర్యనే గ్రంథస్థం చేసింది. సంక్షేమ రాజ్యంలో చట్టపరమైన హక్కులన్నీ ఉన్నా అలసట, అప్పుల చింత తొలగలేదు.

సారా కథను పురుష రచయిత చెప్పాడు. తక్కిన మూడింటిలో స్త్రీయే ‘నేను’ అని మాట్లాడుతుంది. చట్టం మారినంత వేగంగా బ్రతుకు మారలేదని ఈ గ్రంథాలు నిరూపిస్తాయి. ఆ వ్యత్యాసాన్ని లోపలినుండి నమోదు చేసే అధికారాన్ని శ్రామిక స్త్రీ కథనంలో సాధించుకోవడమే ఈ పరిణామంలోని చారిత్రక సారం.