1932 ఫోర్డ్‌కి 1939 బ్రేకులు: తప్పా, ఒప్పా?

పాత కారంటే కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచాలి అనుకునేవాణ్ణి నేను. 1932 ఫోర్డ్ కథ తెలిశాక ఆ అభిప్రాయం మారింది.

ఆ ఏడాది ఫోర్డ్ సామాన్యుడు కొనగలిగే ధరలో వీ8 ఇంజిన్ ఇచ్చింది. 65 హార్స్‌పవర్! కాలిఫోర్నియా కుర్రాళ్లు ఈ కార్లను సెకండ్‌హ్యాండ్‌లో కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు పీకేసి, మ్యురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగెత్తించేవాళ్లు. స్పీడ్ సరే, మరి ఆగేదెలా? ఉన్నవేమో మెకానికల్ బ్రేకులు. 1939 మోడల్‌తో ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చింది. కుర్రాళ్లు వాటిని తెచ్చి పాత కారుకి బిగించారు.

అందుకే 1940ల నాటి హాట్‌రాడ్‌ని బాగుచేసేటప్పుడు ఆ బ్రేకులు మార్చకూడదంటాను. అవి ఆ కారుతో వచ్చినవి కావు, కానీ ఆ కాలానివే. అదే కారులో 1955లో వచ్చిన షెవర్లే వీ8 పెడితే? బండి దూసుకుపోతుంది, కానీ అది చెప్పే కథ ఇక 1940లది కాదు.

మరి సీటు బెల్టు? ఆ కాలానిది కాదు, నిజమే. అయినా రోడ్డెక్కే కారైతే పెట్టించండి, ప్రాణం ముఖ్యం. కాకపోతే ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో రాసి కారులోనే ఉంచండి. రేపు కొనేవాడు మోసపోకూడదు, చరిత్రా చెరిగిపోకూడదు.